కార్చిచ్చు పొగ కోసం నాసా వరల్డ్‌వ్యూ: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కాలిఫోర్నియాలో ఆగస్టు వచ్చిందంటే మా ఇంట్లో రోజూ తెరిచేది నాసా వరల్డ్‌వ్యూ, అంటే ఉపగ్రహ ఫొటోలను మ్యాపు మీద చూపించే వెబ్‌సైట్. 2018 నవంబరులో ప్యారడైజ్ ఊరిని బూడిద చేసిన క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు పొగ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాను కమ్మేసినప్పుడు మొదలైన అలవాటిది. ఉచితం, లాగిన్ గొడవ లేదు, ఫోన్‌లోనూ నడుస్తుంది. పొగ ఎక్కడ పుట్టిందో, ఎటు వస్తోందో చెప్పడంలో దీనికి సాటి లేదు. మన ముక్కుదాకా వచ్చిందా అంటే మాత్రం చెప్పలేదు. ఈ తేడా తెలియక అనవసరంగా టెన్షన్ పడేవాళ్లను చాలామందిని చూశాను.

తెరవగానే కనిపించేవి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల ఫొటోలు. టెర్రా 1999లో, ఆక్వా 2002లో వెళ్లినవి. కక్ష్యలు జారి అవి వచ్చే వేళలు మారిపోయాయి. అందుకే నేను నోవా-20 అనే ఉపగ్రహం ఫొటోల పొర (మ్యాపు మీద వేసుకునే లేయర్) పెట్టుకుంటాను. అది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మా మీదుగా వెళ్తుంది, ఫొటో సాధారణంగా మూడు గంటల్లోపు సైట్‌లోకి ఎక్కుతుంది. మబ్బుకి తెల్లటి గట్టి అంచు ఉంటుంది. పొగ సాంబ్రాణి ధూపంలా బూడిద రంగులో సాగుతూ పోతుంది. ఎర్ర చుక్కలు కూడా పెట్టుకుంటే మంట ఎక్కడో తెలుస్తుంది. చుక్క సైజు చూసి మంట సైజు అనుకోకండి. ఆ 375 మీటర్ల గడిలో ఎక్కడో వేడి తగిలిందని మాత్రమే దాని అర్థం.

కదలిక కావాలంటే, ఎప్పుడూ ఒకే వైపు చూస్తూ ఉండే గోస్-వెస్ట్ ఉపగ్రహం పొర. పది నిమిషాలకో ఫొటో చొప్పున వీడియోలా చూడొచ్చు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు పల్చటి పొగ సరిగా ఆనదు. పొద్దు వాలే వేళ అదే పొగ మెరుస్తూ బయటపడుతుంది. రాత్రికి ఈ పొర ఇన్‌ఫ్రారెడ్‌కు మారిపోతుంది కాబట్టి పొగ మాయమవుతుంది. పోయిందని సంబరపడి కిటికీలు తెరవకండి.

అసలు చిక్కు ఎత్తుతో. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో ఆకాశం నారింజ రంగుకు తిరిగింది, పట్టపగలు లైట్లు వేసుకున్నాం. ఫొటోలో ఉత్తర కాలిఫోర్నియా అంతా పొగే. గాలి నాణ్యత కొలిచే నేల మీది మీటర్లు మాత్రం చాలాచోట్ల ఆ రోజు మరీ చెడ్డ అంకెలు చూపించలేదు. సముద్రం నుంచి వచ్చిన చల్లగాలి కింద పరుచుకుని పొగను పైనే ఆపింది. ఆ తర్వాతి రోజుల్లో రంగు మామూలైంది, పొగ కిందికి దిగింది, గాలి అప్పుడు పాడైంది. 2023 జూన్‌లో క్యూబెక్ అడవుల పొగ వచ్చినప్పుడు న్యూజెర్సీలో ఉన్న మా చెల్లి ఫోన్ చేసి, "అన్నయ్యా, మీకు అప్పట్లో వచ్చిన రంగే, భయపడక్కర్లేదుగా?" అంది. అక్కడ రంగుతోపాటు పొగ కూడా నేల మీదే ఉంది. మాస్కు లేకుండా బయటికి వెళ్లొద్దన్నాను. పైనుంచి తీసిన ఫొటోల్లో రెండూ ఒకేలా ఉంటాయి.

పొగ మోతాదును అంకెల్లో చూపే ఏరోసోల్ (గాలిలో తేలే సన్నటి కణాలు) పొరకు ఇంకో ఇబ్బంది. పొగ బాగా దట్టమైతే లెక్క కట్టే పద్ధతి దాన్ని మబ్బనుకుని వదిలేస్తుంది. సరిగ్గా కావలసిన చోటే మ్యాప్ ఖాళీ!

కాబట్టి ఫొటో చూశాక, గాలి నాణ్యత చూపే అమెరికా ప్రభుత్వ సైట్ ఎయిర్‌నౌ వాళ్ల ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ కూడా చూస్తాను. ప్రభుత్వ మీటర్లతోపాటు జనం ఇళ్ల దగ్గర పెట్టుకున్న చిన్న సెన్సర్ల అంకెలూ సరిదిద్ది చూపిస్తారు. పిల్లల్ని ఆటకు పంపాలా వద్దా అన్నది దాన్నిబట్టే. రేపటి సంగతికి అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల హెచ్ ట్రిపుల్ ఆర్ స్మోక్ మోడల్ ఉంది. ఉపగ్రహాలు కొలిచిన మంటల వేడి నుంచే పొగ ఎంత పుడుతుందో లెక్క వేస్తుంది. అందులో రెండు మ్యాపులుంటాయి. నేల దగ్గరి పొగ మ్యాపే మనకు కావలసింది. గాలి మొత్తంలో ఉన్న పొగ చూపే రెండో మ్యాపు భయంకరంగా ఉంటుంది, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఎక్కువగా అదే.

మన ఊళ్ల నుంచి వాడేవాళ్లకు ఒక మాట. గోస్ ఉపగ్రహాలకు భారత్ కనిపించదు కాబట్టి వాటి పది నిమిషాలకో ఫొటో వీడియో ఆశించకండి. ఎర్ర చుక్కలు మాత్రం అక్కడా బాగా పనిచేస్తాయి. మార్చిలో నల్లమల, తూర్పు కనుమల మీదికి జరిపి చూడండి, ఎండిన అడవీ పోడు మంటలూ రెండూ చుక్కలుగానే పడతాయి. ఏది ఏదో చుక్కను చూసి చెప్పలేం.