గ్రానైట్ ట్రైలర్ వెనక: పెట్రోల్ స్విఫ్ట్, డీజిల్ డిజైర్ ఏళ్ల తరబడి నడిపాక

హనుమకొండలో మాది పంపుసెట్ల విడిభాగాల వ్యాపారం. వారానికి రెండుసార్లు కరీంనగర్, ఒకసారి ములుగు వైపు వెళ్లక తప్పదు. ఇంట్లో రెండు మారుతి బండ్లున్నాయి: 2015లో కొన్న డీజిల్ డిజైర్, 2018లో కొన్న పెట్రోల్ స్విఫ్ట్. రెండూ మాన్యువల్ గేర్లవే. మొదటిది 1,60,000 కిలోమీటర్లు దాటింది, రెండోది 90,000. మైలేజీ లెక్కలు ఎవరిని అడిగినా చెబుతారు, ఆ జోలికి పోను. రెండు వరుసల రోడ్డు మీద ముందున్న లారీని దాటడం గురించే రాస్తున్నాను.

కాగితం మీద స్విఫ్ట్‌దే పైచేయి. 1197 సీసీ ఇంజనుకు 83 హార్స్‌పవర్. డిజైర్ 1248 సీసీ అయినా 75 మాత్రమే. కానీ లారీ పక్కన బండిని ముందుకు నెట్టేది టార్క్, అంటే ఇంజను తిప్పే బలం. డిజైర్‌లో 2000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే 190 న్యూటన్ మీటర్లు అందుతాయి. స్విఫ్ట్‌కు ఉన్నవే 113, అవి కూడా 4200 దాకా ఇంజనును అరిపిస్తే గాని పూర్తిగా దక్కవు.

హుజూరాబాద్ దారిలో గ్రానైట్ ట్రైలర్ తగలని రోజు అరుదు. చిన్న గదంత రాయి, దాని కింద చెక్క దిమ్మెలు, గంటకు 50 కిలోమీటర్లు మించని నడక. దాని వెనక 20 మీటర్ల దూరం నుంచి బయలుదేరి, 80 వేగం అందుకుని, ముందు మరో 20 మీటర్లు వదిలి లోపలికి రావాలంటే సుమారు పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లలో మనం 200 మీటర్లు వెళతాం. ఎదురుగా 80లో వచ్చే వాహనం ఇంకో 220 మీటర్లు దగ్గరవుతుంది. అంటే 400 మీటర్లకు పైగా ఖాళీ కనిపించాలి. ఇందులో రెండు సెకన్లు వృథా అయితే ఏమవుతుందో డిజైర్ కొన్న మొదటి ఏడాదే తెలిసింది.

ఆ రోజు నాలుగో గేరులోనే ట్రైలర్ వెనక నడుస్తున్నాను. ఆర్‌పీఎం ముల్లు 1500 దగ్గర ఉంది. ఖాళీ కనబడగానే స్టీరింగ్ తిప్పి యాక్సిలరేటర్ అదిమాను. బండి తీరిగ్గా ఒళ్లు విరుచుకుంది. తర్వాత టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజనులోకి గాలి నెట్టే ఫ్యాను) అందుకుని, ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉరికింది. అప్పటికే ఎదుట బస్సు పెద్దదైపోయింది. బ్రేకు వేసి మళ్లీ రాయి వెనక్కే చేరాను. పక్క సీటులో మా ఆవిడ, అక్కడే బ్రేకు ఉన్నట్టు, కాలితో మ్యాట్‌ను గట్టిగా తొక్కిపెట్టి ఉంది. మానకొండూరు దాకా మాట్లాడలేదు.

తప్పు నాదే. డీజిల్ అంటే గేరు మార్చక్కర్లేదని ఎవరో చెబితే నమ్మాను. 2000 పైన ఉంటేనే ఆ మాట నిజం. ముల్లు అంతకంటే కింద ఉంటే టర్బోకు తగినంత పొగ ఒత్తిడి అందదు, ఇంజను గాలి పీల్చుకునేదాకా ఎదురుచూడాల్సిందే. ఇప్పుడు ట్రైలర్ వెనకే మూడో గేరు వేసుకుని, ముల్లు 2000 దాటాకే పక్కకు వస్తాను. ఇక ఆ లాగుడుకు తిరుగులేదు. డిక్కీ నిండా రాగి తీగ చుట్టలున్నా, వెనక ముగ్గురు కూర్చున్నా తేడా దాదాపు తెలియదు. అయితే 4000 దాటాక ఊపిరి అయిపోతుంది, అప్పుడు వెంటనే నాలుగో గేరు వేయాలి.

స్విఫ్ట్ అలా మోసం చేయదు. ఎక్కడ తొక్కినా ఆ కాస్త బలం వెంటనే ఇస్తుంది, కాకపోతే అది చాలదు. మూడో గేరులోనూ మందమే. ట్రైలర్ మరీ నెమ్మదిగా పోతుంటే రెండో గేరుకు దిగాల్సిందే, ముల్లు 4000కు చేరువవుతుంది, ఇంజను గోల పెడుతుంది. మా నాన్నగారు ఆ చప్పుడు వినగానే "బండి పాడైపోతుందిరా" అంటారు. పాడవదు, అది ఆ పనికే ఉంది. మే నెలలో నలుగురితో, ఏసీతో వెళ్లేటప్పుడు మాత్రం దాటే ముందు ఏసీ ఆపేస్తాను. చెమట పట్టినా సరే.

తాడ్వాయి అడవిలో మలుపుల మధ్య ఖాళీ తక్కువ, అక్కడ నాకు డిజైరే కావాలి. జనగామ మీదుగా హైదరాబాద్ వెళ్లే నాలుగు వరుసల రోడ్డులో ఈ చర్చకే అర్థం లేదు, ఏ బండైనా ఒకటే. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే ట్రాక్టర్లను దాటడానికి స్విఫ్ట్ చాలు, కానీ వెనక దీపాలు లేని ట్రాలీలు తెల్లవారుజామున కనబడవు. దానికి ఏ ఇంజనూ మందు కాదు.

మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కొత్త కాలుష్య నిబంధనలు రాగానే డీజిల్ బండ్లు ఆపేసింది. కాబట్టి ఈ డిజైర్ పోతే అలాంటిది పాతదే వెతుక్కోవాలి. డ్రైవింగ్ నేర్చుకుంటున్న మా అబ్బాయికి మాత్రం స్విఫ్ట్ తాళాలే ఇచ్చాను. వాడికి ఇంకా ముల్లు చూసే అలవాటు రాలేదు.