కెప్టెన్ బీటీ వాదన కోసమైనా చదవాల్సిన నవల

రే బ్రాడ్‌బరీ 1953 నవల ‘ఫారెన్‌హీట్ 451’లో నన్ను పట్టేసింది హీరో మాంటాగ్ కాదు, అతని పై అధికారి బీటీ. ఆ కథాలోకంలో ఫైర్‌మన్‌ల పని మంటలార్పడం కాదు, పుస్తకాలు తగలబెట్టడం; వీళ్లిద్దరూ అలాంటి ఫైర్‌మన్‌లే. ఒంట్లో బాగాలేదని పడుకున్న మాంటాగ్ ఇంటికొచ్చి, పైపు వెలిగించుకుని, పుస్తకాలు ఎందుకు తగలబెడుతున్నామో తాపీగా వివరిస్తాడు. దిండు వెనక దాచిన పుస్తకం మాంటాగ్ భార్య చేతికి తగిలేది సరిగ్గా అప్పుడే. ఆ టెన్షన్‌లో బీటీ మాటలు ఇంకా లోతుగా దిగుతాయి.

ప్రభుత్వం మొదట ఏ నిషేధమూ పెట్టలేదంటాడు. జనానికే ఓపిక పోయింది, షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ ఒక్క పేజీ సారాంశానికి కుదించుకుపోయింది, ఎవరో ఒకరు నొచ్చుకుంటారని ఒక్కో పుస్తకమూ పోయింది అంటాడు. ఇందులో సగం నిజముంది, అందుకే భయమేస్తుంది. కానీ జనం చదవడం మానేయడం వేరు, చదివేవాళ్ల ఇల్లు కాల్చడం వేరు. ఎవరికీ అక్కర్లేని పుస్తకాలకి కిరోసిన్ ఎందుకు? పైగా 1790 నుంచే పుస్తకాలు కాలుస్తున్నామని, తొలి ఫైర్‌మన్ అమెరికా నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ అని ఫైర్‌మన్‌ల రూల్ బుక్‌లో రాసుకున్నారు. జనం కోరి తెచ్చుకున్న మార్పే అయితే ఈ దొంగ చరిత్రతో పనేముంది? బీటీ వాదన నాకు ఇక్కడే కూలిపోయింది.

మాంటాగ్‌ని ఆలోచనలో పడేసే పక్కింటి అమ్మాయి క్లారిస్‌ని అంత త్వరగా మాయం చేయడం మాత్రం నాకు నచ్చలేదు.

కొనేముందు ఒకటి చూసుకోండి. ఈ నవలనే స్కూళ్ల కోసం వేసినప్పుడు ప్రచురణకర్తలు కొన్ని మాటలు మార్చేశారు. దాని మీద బ్రాడ్‌బరీ 1979లో మండిపడుతూ రాసిన వెనుకమాట ఉన్న ఎడిషనే తీసుకోండి.