డ్రాగన్ తోక మీద పాత టైరు

టైర్లో గాలి తీయడానికి మోకాళ్ల మీద కూర్చుంటే కనబడింది ఆ నంబరు. 3217. నార్త్ కరోలినాలో రాబిన్స్‌విల్ అనే చిన్న ఊరు, ఒక మోటెల్ ముందు, పొద్దున్న ఏడింటికి, చేతిలో గేజీ పట్టుకుని ఆ నాలుగు అంకెలూ మూడుసార్లు చదివాను. డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలూ టైరు పుట్టిన తేదీ. ముందు వారం, తర్వాత సంవత్సరం. అంటే నేను పదకొండు రోజుల కిందట కొన్న 'కొత్త' టైరు 2017లో ముప్ఫై రెండో వారంలో తయారైంది. అది 2023 ఏప్రిల్. అయిదున్నరేళ్లు ఏ గోడౌన్‌లో, ఏ ఎండలో పడుందో ఆ దేవుడికే తెలియాలి.

మా ఆవిడ బయటికి వచ్చి సంగతి విని, "సంతలో బెండకాయ కొస విరిచి చూడందే సంచీలో వెయ్యరు. పన్నెండొందల డాలర్ల టైర్లకి తేదీ చూసుకోలేదా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మాది అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్. బండి 2016 కార్వెట్ స్టింగ్‌రే స్పోర్ట్స్ కారు, జడ్51 అనే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ, సెకండ్ హ్యాండ్. ముందు టైర్లు 245/35 జడ్‌ఆర్19, వెనకవి 285/30 జడ్‌ఆర్20. సైజులు వేరు కాబట్టి మామూలు కార్లలా ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చుకోవడం కుదరదు. 455 హార్స్ పవర్ భారమంతా మోసేది వెనక రెండే, ముందుగా అరిగేవీ అవే. కంపెనీ ఇచ్చినవి మిషెలిన్ పైలట్ సూపర్ స్పోర్ట్ జడ్‌పీ రన్‌ఫ్లాట్లు. గాలి మొత్తం పోయినా, గంటకి యాభై మైళ్ల స్పీడు దాటకుండా వెళ్తే 50 మైళ్ల దాకా లాక్కెళ్తాయి. ఈ కార్లో స్టెప్నీ ఉండదు, జాకీ ఉండదు, పెట్టుకుందామన్నా చోటు లేదు.

ట్రిప్పుకి ముందు సెంటు బిళ్ల పరీక్ష చేశాను. నాణేన్ని తలకిందులుగా టైరు గాడిలో పెట్టినప్పుడు లింకన్ తల పూర్తిగా బయటే ఉంటే ఇక ఆ టైరు తీసెయ్యాల్సిందే. నా వెనక టైర్లలో లింకన్ నుదురు దాకా కనబడుతోంది. టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే మూడొందల మలుపుల రోడ్డెక్కుతూ అలాగే వెళ్లడం పిచ్చితనం.

మూడు చోట్ల అడిగాను. డీలర్ నాలుగు రన్‌ఫ్లాట్లకీ 2,460 డాలర్లు, వీల్ అలైన్‌మెంట్‌కి ఇంకో 189 అన్నాడు. మెంబర్‌షిప్ ఉన్న హోల్‌సేల్ స్టోర్లో అవే టైర్లు 1,930. కానీ రెండు వారాలు ఆగాలి, పైగా రన్‌ఫ్లాట్ తీసేసి మామూలివి వేయమంటే వేయరట. మూడోది హైవే పక్క షాపు. నాలుగు మామూలు సమ్మర్ టైర్లు, ఫిట్టింగుతో సహా 1,240, ఈరోజే. "రన్‌ఫ్లాట్లు రాళ్లలా గట్టిగా ఉంటాయి సార్, తీసి పారెయ్యండి, కారు మెత్తగా పరిగెడుతుంది" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. అది అబద్ధం కాదు. పక్క గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి రన్‌ఫ్లాట్ మీద ప్రతి గతుకూ వెన్నుపూసకి తెలుస్తుంది. చాలామంది కార్వెట్ ఓనర్లు పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి మామూలు సమ్మర్ టైర్లకి మారిపోయి, డిక్కీలో పంక్చర్ కిట్టు, చిన్న కంప్రెసర్ పడేసుకుంటారు. నేనూ 38 డాలర్లు పెట్టి కిట్టు కొన్నాను. హోల్‌సేల్ స్టోర్ ధరతో పోల్చినా 690 మిగిలిందని ఇంటికొచ్చి గొప్పలు కూడా చెప్పాను.

ఆఫీసులో ఒక మిత్రుడు ఎండకీ చలికీ పనికొచ్చే ఆల్ సీజన్ టైర్లు వేయించుకోమన్నాడు. ఏడాది పొడుగునా ఇదే కార్లో ఆఫీసుకి వెళ్లేవాళ్లకి అదే సరైన సలహా. పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4కి మిషెలిన్ 45 వేల మైళ్ల వారంటీ ఇస్తుంది. సమ్మర్ టైరు 4ఎస్‌కి 30 వేలే, అదీ ముందూ వెనకా సైజులు వేరైతే వెనకవాటికి సగమే. నాకు ఆఫీసుకి వేరే కారుంది. ఇది ఆదివారాల బండి, సమ్మర్ టైరే కావాలనుకున్నాను.

డలోనెగా మీదుగా బ్లెయిర్స్‌విల్ దాకా ఏ ఇబ్బందీ లేదు. అక్కడ రోడ్డు పక్కన ఒక షెడ్డు, ముందు పెద్ద గంగాళాలు, చేతిరాతతో బోర్డు: ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. జార్జియా కొండల్లో ఇవి ఇంత దొరుకుతాయని ఇన్నేళ్లలో నాకు తెలియదు. పచ్చికాయ, పొట్టుతోనే, ఉప్పు నీళ్లలో గంటల తరబడి ఉడికించినవి. కాగితం కప్పు నిండా 6 డాలర్లు. పొట్టు వొలుస్తుంటే వేళ్ల మీదుగా ఉప్పునీళ్లు మణికట్టు దాకా కారాయి. మా ఆవిడ ఒకటి తిని, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తంపటకాయలు కావుగానీ, మా అమ్మమ్మ కుండలో ఉడకేసినట్టే ఉన్నాయి" అంది. రెండో కప్పు ఆమే కొంది. కారం కలిపిన రకం కూడా ఉంది, దాని జోలికి పోకండి, వెల్లుల్లి పొడి తప్ప వేరే రుచి తెలియదు. ఈ మొత్తం ప్రయాణంలో డబ్బులకి సరిపడా దక్కింది ఈ 12 డాలర్లకే.

రాబిన్స్‌విల్ మోటెల్‌కి రాత్రికి 129. తివాచీ తడి వాసన, గోడకి పెట్టిన ఏసీ మన పాత పిండిమర లాగా మోత. రెండోసారి వెళ్లను.

మర్నాడు పొద్దున్న 37 డిగ్రీలు, ఫారన్‌హీట్. సమ్మర్ టైరు రబ్బరు 40 దిగువకి వెళ్తే బిగుసుకుపోతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ మొత్తం తిప్పి వెనక్కి తీస్తుంటే ముందు చక్రాలు దడదడమని ఎగిరెగిరి పడ్డాయి. మా ఆవిడ ఏదో విరిగిపోయిందని కంగారుపడింది. అది మామూలే, చలిలో ఈ కారు లక్షణమే అంత అని సర్దిచెబుతూ డ్యాష్‌బోర్డులో టైరు ప్రెషర్ చూశాను. నాలుగూ 38. ఈ కారుకి చల్లగా ఉన్నప్పుడు ఉండాల్సింది 30. షాపువాడు తలుపు పక్కన అంటించిన కాగితం కూడా చూడలేదన్నమాట. గాలి తీద్దామని దిగితే బయటపడిందే ఆ 3217. వెనక రెండూ అవే. ముందువి 0922, వాటికి వంక పెట్టలేం.

తిరిగి వెళ్లిపోదామా అని ఆమె అడిగింది. నిదానంగా వెళ్దాం అన్నాను. అది నా తప్పు.

టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అంటే యూఎస్ 129 రోడ్డులో నార్త్ కరోలినా సరిహద్దు నుంచి టెనెసీ వైపు 11 మైళ్ల ముక్క. 318 మలుపులు. మధ్యలో అడ్డరోడ్డు ఒక్కటీ లేదు, ఇళ్లు లేవు, స్పీడ్ లిమిట్ 30. మొదట్లోనే డీల్స్ గ్యాప్ దగ్గర ఒక చెట్టుకి ఇక్కడ పడిపోయిన బైకుల ముక్కలు వేలాడదీశారు. విరిగిన మడ్‌గార్డులు, అద్దాలు, హెల్మెట్ పెంకులు. దాని పేరే సిగ్గు చెట్టు. మా ఆవిడ దాన్ని చూసి సీటు బెల్టు ఇంకోసారి లాగి చూసుకుంది. మలుపుల్లో ఫోటోగ్రాఫర్లు కుర్చీలేసుకుని కూర్చుంటారు. వచ్చే పోయే ప్రతి బండినీ తీసి, వెబ్‌సైట్‌లో పెట్టి అమ్ముకుంటారు. ఆ ఫోటోల్లో మా ఆవిడ ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

నేను నలభై దాటలేదు. బాగానే వెళ్తున్నాం. వెనక పికప్ ట్రక్కువాడు తరుముతుంటే దారిద్దామని ఒక మలుపు పక్కన మట్టి జాగాలోకి దింపాను. అక్కడ తారు అంచు విరిగి కత్తిలా ఉంది. చిన్న చప్పుడు, అంతే. మళ్లీ రోడ్డెక్కాక డ్యాష్‌బోర్డు మీద వెనక కుడి అంకె 31 నుంచి 27కి దిగింది. తర్వాతి మలుపుకి 22. ఇంకో రెండు మలుపులకి 14. పక్కకి ఆపి చూస్తే పక్క గోడ మీద మూడు వేళ్ల పొడుగున చీలిక. 38 డాలర్ల కిట్టు తీశాను. అది గాడిలో దిగిన మేకుకి పనికొస్తుంది. పక్క గోడ చీలితే ఏ కిట్టూ ఏమీ చేయలేదు. రబ్బరు పాతబడినందుకే అలా చీలిందని నేను ఒట్టేసి చెప్పలేను, కొత్తదైనా చీలేదేమో. కానీ రన్‌ఫ్లాట్ అయ్యుంటే ఏమయ్యేదో మాత్రం లెక్కకట్టగలను. డీల్స్ గ్యాప్ నుంచి మేరీవిల్‌కి ముప్ఫై మైళ్ల పైచిలుకు. గాలి లేకుండా 50 మైళ్లు పోయే టైరు మీద నెమ్మదిగా వెళ్లిపోయేవాళ్లం.

ఫోన్లో సిగ్నల్ లేదు. ఇద్దరు పెద్దవాళ్లు, మొగుడూ పెళ్లాం, హార్లీ మీద ఆగి, ముందుకెళ్లి సిగ్నల్ దొరికాక టోయింగ్‌కి చెప్పారు. ట్రక్కు రావడానికి రెండు గంటల నలభై నిమిషాలు. ఆ రోడ్డు పక్కనే, గోడ లేని అంచు మీద, మా ఆవిడ స్టీలు డబ్బా తెరిచి పులిహోర పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "690 మిగిలాయన్నారుగా" అని ఒక్క మాటే అంది, వేరుశెనగపప్పు ఏరుకుంటూ.

టోయింగ్ 385 డాలర్లు. బండి నేలకి అంత కిందికుంటుంది కాబట్టి ఫ్లాట్‌బెడ్డే కావాలి, హుక్కు వేసి ఎత్తితే ముందు బంపర్ పోతుంది. మీరెవరైనా ఇలాంటి కార్లో కొండలకి వెళ్తే ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ సాయం ఎన్ని మైళ్ల దాకానో చదువుకుని వెళ్లండి. నాది 15 మైళ్లకే ఆగిపోయింది.

మేరీవిల్‌లో (అక్కడివాళ్లు 'మర్‌వల్' అంటారు, మన నోట్లో మేరీవిల్ వింటే నవ్వుతారు) ట్రక్కువాడు దింపిన షాపు చూడ్డానికి మన లారీ యార్డుల పక్కన టైర్ల కొట్టులానే ఉంది. షాపు ముసలాయన మొదట ఆ చీలిన టైరు మొత్తం అరచేత్తో తడిమాడు. తేదీ చదివాడు. ఏమీ అనలేదు, తల మాత్రం ఊపాడు. తర్వాత గోడకి ఆనించి ఉన్న ఒక కొత్త టైరు తెచ్చి నా ముందు పెట్టి, "కొనేముందు నన్ను నమ్మకండి, దీన్ని చదవండి" అన్నాడు. ఎక్కడ తేదీ, ఎక్కడ లోడు నంబరు, బ్రాకెట్లో వై అని ఉంటే 186 మైళ్ల వేగం దాటినా తట్టుకుంటుందని అర్థం, అన్నీ వేలు పెట్టి చూపించాడు. వెనక ఒక్కటే మార్చమంటే ఒప్పుకోలేదు. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్త, ఒకటి పాత ఉంటే జడ్51లో ఉండే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్‌కి (వెనక రెండు చక్రాలకీ ఇంజిన్ శక్తిని పంచేది) అది మంచిది కాదన్నాడు. వెనక రన్‌ఫ్లాట్, ముందు మామూలువి కలపడం కూడా వద్దన్నాడు. చిన్న ఊళ్లలో 285/30 సైజు ఎవరూ స్టాకు పెట్టరు, నాక్స్‌విల్ నుంచి మర్నాడు తెప్పిస్తానన్నాడు. నాలుగు సూపర్ స్పోర్ట్ జడ్‌పీలు, పన్నుతో, ఫిట్టింగుతో 2,118. తారీకులు అన్నీ నాలుగైదు నెలలవే. ముందే నాకు చూపించాకే బిగించాడు. గాలి 30 పట్టాడు.

ఆ రాత్రి హోటల్ 164, శుభ్రంగా ఉంది. మా ఆవిడ నోరు విప్పింది అక్కడే, వేడినీళ్ల స్నానం అయ్యాక.

పాత ముందు టైర్లు రెండూ పారేయడానికి మనసొప్పక వెనకాల ఒకదాని మీద ఒకటి పెట్టాను. వెనకద్దం సగం మూసుకుపోయింది. సూట్‌కేసు దారంతా ఆమె ఒళ్లో ఉంది. చెరోహాలా స్కైవే మీదుగా రావాలని మొదటి ప్లాను, 43 మైళ్లు, అయిదు వేల అడుగుల పైన. ఆ మాట నేను ఎత్తలేదు.

హైవే షాపుకి బిల్లు, ఫోటో పట్టుకుని వెళ్లాను. మేనేజరు, "అవి పాతవి కావు సార్, అమ్ముడుపోనివి" అన్నాడు. వాడని టైరుకి వయసు ఎక్కువున్నా అమ్మకూడదన్న రూలు లేదట. అరగంట నిలబడితే 200 డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇచ్చాడు, వాళ్ల దగ్గరే ఖర్చు పెట్టాలి. ఇంకా పెట్టలేదు.

గరాజ్‌లో ఉన్న 0922 టైర్లని రెండూ కలిపి 150కి ఆన్‌లైన్‌లో పెట్టాను. మొదట ఫోన్ చేసింది ఆల్ఫరెట్టా నుంచి ఒక తెలుగాయన. నమస్కారం అన్నాడు, కాస్త తగ్గుతుందా అన్నాడు, తర్వాత, "డేట్ కోడ్ ఒకసారి చదవండి" అన్నాడు.