.62 కాలిబర్ చెకుముకి రైఫిల్: పెద్ద గుండు వైపే నా మొగ్గు

తెల్లతోక జింకకు .62 కాలిబర్ (అంటే గొట్టం లోపలి వ్యాసం .62 అంగుళాలు) ఎందుకని అడగనివాళ్ళు లేరు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1974 నుంచి జరుగుతున్న చెకుముకి తుపాకుల (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేవి) వేట కాలానికి చట్టం కోరేది కనీసం .44 మాత్రమే. తోటివాళ్ళ చేతుల్లో ఎక్కువగా కనిపించేది .50. నేను మాత్రం ఎన్నో శీతకాలాలుగా జర్మన్ వేటగాళ్ళ తరహాకు చెందిన ఈ పొట్టి గొట్టపు యేగర్ రైఫిల్‌తోనే అడవికి వెళ్తున్నాను. పెద్ద సీసపు గుండు నింపాదిగా వెళ్ళి చేసే పని చిన్న గుండు వేగంగా వెళ్ళినా చేయలేదన్నది నా గట్టి అభిప్రాయం.

గొట్టంలోకి మందు కొలిచి పోయడం, గుడ్డ పీలికతో గుండు దట్టించడం, పక్కనున్న పళ్ళెంలో రంజకం (ముందుగా నిప్పంటుకునే మందు) పోయడం ఏ చెకుముకి తుపాకీకైనా ఒకటే. కానీ ఈ లెక్క ఒకసారి చూడండి. .50 తుపాకీలో వాడే .490 అంగుళాల గుండు సుమారు 177 గ్రెయిన్లు (పౌనుకు 7000 గ్రెయిన్లు) తూగుతుంది. నేను వాడే .610 గుండు 340. వ్యాసంలో తేడా అంగుళంలో ఎనిమిదో వంతు కూడా లేదు, బరువు మాత్రం దాదాపు రెట్టింపు. గుండ్రటి సీసం గాలిలో వేగాన్ని చాలా త్వరగా పోగొట్టుకుంటుంది కాని, బరువు ఎక్కడికీ పోదు. 1860ల్లో మధ్య భారత అడవుల్లో వేటాడిన బ్రిటిష్ అధికారి జేమ్స్ ఫోర్సిత్ కూడా పెద్ద గుండు, ఎక్కువ మందు, 104 అంగుళాలకు ఒక్క చుట్టు తిరిగే మర (గుండును తిప్పడానికి గొట్టం లోపల చెక్కే గాడి) కావాలని వాదించాడు. ఆయన తిరిగిన సాత్పురా అడవుల్లో ఇప్పుడు వేట నిషిద్ధం, అలా ఉండటమే న్యాయం. ఆయన లెక్క మాత్రం ఇక్కడి హెమ్లాక్ చెట్ల కింద నాకు అక్కరకొచ్చింది.

క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే చివరి వేట కాలంలో ఒక ఉదయం. రాత్రంతా కురిసిన మంచు అప్పుడే ఆగింది. అరవై గజాల లోపే ఒక పెద్ద ఆడజింక పక్కకు తిరిగి నిలబడింది. మీట నొక్కగానే పళ్ళెంలో మెరుపు, వెంటనే మోత, ఆ పైన తెల్లటి పొగ. గాలి లేదు, పొగ కదల్లేదు. అలాంటప్పుడు కళ్ళు పనికిరావు, చెవులనే నమ్ముకోవాలి. కొమ్మలు విరిగిన చప్పుడు వినిపించింది, తరువాత ఏమీ లేదు. పొగ విడిచేసరికి జింక లేదు. అది నిలబడ్డ చోట తెగిన వెంట్రుకలు ఉన్నాయి కాని రక్తం చుక్క కూడా లేదు. నా గుండె జారిపోయింది. మళ్ళీ మందు దట్టించి, రంజకం పోసి, అడుగుజాడల వెంట నడిచాను. కొంచెం దూరం వెళ్ళాక జాడకు రెండు వైపులా మంచు ఎర్రబడి ఉంది. రెండు వైపులా ఉందంటే గుండు ఒంట్లో ఆగలేదన్నమాట. అక్కడి నుంచి వంగి వెతకాల్సిన అవసరమే రాలేదు. లారెల్ పొదల అంచున జింక పడి ఉంది.

అసలు ఆశ్చర్యం కోసినప్పుడు కలిగింది. గుండు ముందుకాలి ఎముకను విరిచి, ఊపిరితిత్తుల గుండా వెళ్ళి, అవతలి పక్కటెముకలను దాటి బయటికి పోయింది. అది చేసిన దారిలో బొటనవేలు పడుతుంది. ఆ అంచుకు రెండు వేళ్ళ ఎడంలోనే మాంసం శుభ్రంగా ఉంది. అంతకు ముందు ఆధునిక రైఫిల్‌తో ఇదే చోట కొట్టినప్పుడు భుజం మాంసమంతా నెత్తురు గడ్డకట్టి నల్లబడేది, కోసి పారేయాల్సి వచ్చేది. ప్రాణం తీసిన జంతువులో తినగలిగేదేదీ వృథా చేయకూడదని నమ్మేవాణ్ణి. ఆ తరువాత పడ్డ జింకల్లోనూ భుజాలు దాదాపు పూర్తిగా దక్కాయి. ఈ తుపాకీని వదలకపోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

పేలినప్పుడు ఇది భుజాన్ని తన్నదు, నెడుతుందని అడిగినవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాటను కొంచెం సవరించాలి. యేగర్ కుందా (భుజానికి ఆనించే చెక్క భాగం) వెడల్పుగా, చదునుగా ఉంటుంది, పైగా వేటకు వెళ్ళేటప్పుడు ఒంటి మీద మందపాటి కోటు ఉంటుంది. వేసవిలో పలచటి చొక్కాతో సాధనకు కూర్చుంటే సాయంత్రానికి భుజం కందిపోతుంది. కుందా లోపలికి వంగి ఉండే హాకెన్ తరహా రైఫిల్‌లో ఇదే మోతాదు దట్టించమని ఎవరికీ చెప్పను. పోనీ మందు తగ్గిద్దామా అంటే నా గొట్టం ఒప్పుకోదు. దాని మర 66 అంగుళాలకు ఒక చుట్టు. 70 గ్రెయిన్లు పోస్తే గుండ్లు చెదిరిపోతాయి, 100 దాటాకే ఒకచోట చేరతాయి. అందుకే సాధనకు కూడా పూర్తి మోతాదే పోయాలి. ఆ లెక్కన పౌను మందు 70 సార్లకు కూడా రాదు, పౌను సీసంతో పోతపోసేది 20 గుండ్లే. .50 వాడేవాళ్ళు అదే సీసంతో దాదాపు 40 పోసుకుంటారు.

దూరం విషయంలోనూ హద్దు ఉంది. 75 గజాలు దాటాక గుండు వేగంగా కిందికి దిగుతుంది, పక్కగాలికి కూడా లొంగుతుంది. ఆ దూరానికి అవతల నేను మీట నొక్కను. తడి వాతావరణంలో రంజకం చెమ్మగిల్లడం ఏ చెకుముకి తుపాకీకైనా ఉన్న బాధే కాబట్టి దాన్ని ఈ కాలిబర్ ఖాతాలో వేయను.

నేను తిరిగేది దట్టమైన లారెల్ పొదల మధ్య. జింక కనిపించేసరికే దగ్గరలో ఉంటుంది కాబట్టి ఈ హద్దులు నాకు అడ్డు కాలేదు. పొలాల అంచున కూర్చుని దూరంగా వచ్చే జింక కోసం చూసేవాళ్ళకు, భుజం నొప్పి ఉన్నవాళ్ళకు, వారం వారం సాధన చేసేవాళ్ళకు ఇదే కొనమని చెప్పలేను. నా భుజం ఇంకా సహకరిస్తోంది. అది మొరాయించిన రోజున 224 గ్రెయిన్ల గుండు వాడే .54 తీసుకుంటానేమో కాని, .50కి మాత్రం వెళ్ళను.