జాక్సన్ హైట్స్ పాత ఫ్లాటా, లాంగ్ ఐలాండ్ సిటీ కొత్త టవరా?

రెండూ న్యూయార్క్ క్వీన్స్‌లోనే, 7వ నంబరు రైలు దారిలోనే. స్వభావాలకు మాత్రం పొంతన లేదు.

జాక్సన్ హైట్స్‌లో రెండో ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన ఫ్లాట్లంటే ఎత్తైన సీలింగు, మందపాటి ప్లాస్టర్ గోడలు, ఓక్ చెక్క నేల, బ్లాకు మధ్యలో తోట. కిటికీ కింద ఇనప రేడియేటర్ బుసకొడుతూ ఉంటుంది. వేడి మన చేతిలో ఉండదు, జనవరిలోనూ కిటికీ తెరవాల్సి రావచ్చు. ‘రెనొవేట్ చేశాం’ అన్నారని వంటగదిలో కొత్త గ్రానైట్ చూసి మురిసిపోకండి. గోడల్లో వైర్లు, పైపులు మార్చారా అని అడగండి. 1993లో చారిత్రక ప్రాంతంగా ప్రకటించిన హద్దుల్లో ఉంటే కిటికీలు మార్చడానికీ పాత కట్టడాలను కాపాడే నగర సంస్థ ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి. పైగా చాలావరకు కో-ఆప్‌లే: మీరు కొనేది ఫ్లాటు కాదు, సొసైటీలో షేర్లు. బోర్డు మీ జీతం, అప్పులు అన్నీ చూసి, ఇంటర్వ్యూ చేసి, నచ్చితేనే సరేనంటుంది.

లాంగ్ ఐలాండ్ సిటీ కండోలో, అంటే ఫ్లాటే నేరుగా మీ సొంతమయ్యే పద్ధతిలో, ఈ తంతు తక్కువ. జిమ్ము, లిఫ్టు, నది అవతల మన్‌హాటన్. గదులే ఇరుకు.

అద్దెకిచ్చే ఆలోచనుంటే కండోయే మేలు. కాపురానికైతే నా ఓటు పాతదానికే. జాక్సన్ హైట్స్ 74వ వీధి ఇండియన్ కొట్లలో కరివేపాకు దొరకడం కూడా లెక్కే కదా! నెలవారీ మెయింటెనెన్స్ చూసి మాత్రం బెదరకండి, కో-ఆప్‌లో ఆస్తిపన్ను అందులోనే కలిసి ఉంటుంది.