పడమటి గోడ: తొమ్మిది వేసవులు, ఒక వరద

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. కింద మేము, పైన తమ్ముడి కుటుంబం. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. పడమర వైపు ఖాళీ స్థలం కావడంతో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి పొద్దు గుంకేదాకా ఎండంతా నేరుగా గోడ మీదే. 2017 ఫిబ్రవరిలో ఆ గోడకు బయటి వైపు రెండంగుళాల మందం థర్మోకోల్ పలకలు అతికించి, వాటి మీద ఫైబర్ మెష్ (పీచుతో అల్లిన వల) పరిచి, పలుచగా పూత వేయించాం. ఆ పని తొమ్మిది వేసవులు చూసింది, బుడమేరు వరదనూ చూసింది. వరద తర్వాత కింది సగం ఊడదీసి మళ్లీ చేయించాం. రెండుసార్లు డబ్బు పెట్టి నేర్చుకున్న సంగతులు ఇవి. మరొకరు ఒక్కసారే పెట్టి సరిగ్గా చేయించుకుంటారని రాస్తున్నాను.

మా అసలు బాధ పగలు కాదు, రాత్రి. అమ్మ మంచం పడమటి గదిలో గోడ వారనే ఉండేది. రోహిణి కార్తెలో ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి నన్ను పిలిచి, నా చెయ్యి పట్టుకుని గోడకు ఆనించింది. “పొయ్యి గట్టులా ఉంది చూడు నాయనా. సూర్యుడు పోయి రెండు గంటలైంది, వేడి మాత్రం ఇక్కడే ఉంది” అంది. నిజమే. ఆ మందం ఇటుక గోడ మధ్యాహ్నం తాగిన వేడి లోపలి ముఖానికి చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. మూడింటి ఎండ మనం పడుకునే వేళకు గదిలోకి దిగుతుంది. ఏసీ తెల్లవార్లూ తిరిగినా అది చల్లబరిచేది గాలినే. పక్కనే గోడ వెచ్చగా సెగ కొడుతుంటే పడుకున్న మనిషికి హాయి ఎక్కడిది?

ఏ గోడకు చేయించాలన్న దాంట్లో చాలామంది పొరబడతారు. మాకూ దక్షిణపు గోడకు చేయించమని సలహాలు వచ్చాయి. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు మా ఊరికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా కాస్త ఉత్తరానికే జరిగి ఉంటాడు. అంటే ముదురు ఎండల్లో దక్షిణపు గోడ నీడలోనే ఉంటుంది, దాని మీద ఎండ ఎక్కువగా పడేది చలికాలంలోనే. మన దగ్గర డబ్బు పెట్టాల్సింది పడమటి గోడకు, తర్వాత తూర్పు గోడకు. ఆ రెండింటికన్నా ముందు పైకప్పుకు. మేము 2015లోనే డాబా మీద తెల్ల టైల్స్ వేయించాం. అది చేయకుండా గోడ జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

లోపలి వైపు కాకుండా బయటే ఎందుకంటే, బయట వేస్తే ఇటుక గోడ మొత్తం నీడలో ఉన్నట్టు లెక్క. దానికి నేరుగా ఎండ తగలదు. కాంక్రీటు స్తంభాలు, స్లాబు అంచులు ఇటుక కన్నా వేగంగా వేడిని లోపలికి పంపుతాయి, అవి కూడా ఆ దుప్పటి కిందికే వస్తాయి. లోపల వేస్తే గది ఇరుకవుతుంది, స్లాబు గోడను కలిసే చోట వేడి యథావిధిగా వస్తూనే ఉంటుంది.

మందం విషయంలో దుకాణాల వాళ్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదంటారు. రెండంగుళాల మంచి థర్మోకోల్ ఆపేంత వేడిని ఇటుకతో ఆపాలంటే మూడడుగుల మందం గోడ కట్టాలి. మామూలు తొమ్మిదంగుళాల గోడకు మొదటి అంగుళం థర్మోకోల్‌తోనే వేడి రాక సగానికి పైగా తగ్గుతుంది. రెండో అంగుళంతో నాలుగో వంతు దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత ప్రతి అంగుళం ఇచ్చే లాభం తగ్గుతూ పోతుంది. మన ఎండలకు రెండంగుళాలు చాలు. మిగిలిన డబ్బు పనితనం మీద పెట్టండి. దీన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం మా కింది వాటా.

2017లో పని ఒప్పుకున్న కాంట్రాక్టరు మనుషులు మొదట కింది అంతస్తు చేశారు. పలక వెనక నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి, లడ్డూల్లాంటి ఐదు ముద్దలు పెట్టి గోడకు నొక్కేశారు. చూడటానికి బద్ద పెట్టి గీసినట్టు నున్నగా ఉంది. రెండు రోజుల తర్వాత వేలితో కొడితే డొల్ల శబ్దం వచ్చింది. అడిగితే ఎక్కడైనా ఇలాగే చేస్తారన్నారు. మాటా మాటా పెరిగి వాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. పూత లేని పలకలు రెండు వారాలు ఎండలో ఉండిపోయి, పైన పసుపు రంగు తిరిగి పొడి రాలింది. ఆ పొడి మీద ఏ పూతా పట్టదు, గరుకు కాగితంతో రుద్ది తీరాలి.

తర్వాత వచ్చిన తాపీ మేస్త్రీ దుబాయ్‌లో ఇదే పని కొన్నేళ్లు చేసిన మనిషి. పై అంతస్తు ఆయన చేశారు. పలక నాలుగు అంచుల వెంబడీ గట్టులా పాలిమర్ సిమెంటు పెట్టి, మధ్యలో మూడు ముద్దలు వేసేవారు. పలకలో కనీసం 40 శాతం మేర గోడకు అతుక్కోవాలని, అంచు గట్టు ఎక్కడా తెగకూడదని ఆయన లెక్క. “సార్, పలక వెనక గాలి కదిలిందంటే మీరు గోడకు దుప్పటి కప్పినట్టు కాదు, పొగగొట్టం కట్టినట్టు” అన్నారు. కింది అంతస్తు కూడా ఊడదీయమని ఆయన అప్పుడే చెప్పారు. ఖర్చుకు వెనకాడి, పోనీలే అని పూత వేయించేశాం. తప్పు నాదే.

ఆ వేసవి నుంచి రెండు అంతస్తుల మధ్య తేడా కనిపిస్తూనే ఉంది. ఉష్ణోగ్రత చూపే లేజర్ తుపాకీ ఒకటి అంతకు ముందే కొన్నాను. పని జరగక ముందు మే నెలలో రాత్రి ఎనిమిదింటికి పడమటి గది గోడ లోపలి వైపు 40 డిగ్రీల దగ్గర ఉండేది. తర్వాత పై వాటాలో అది 35కి మించలేదు. కింద మాత్రం 37, 38. డాబా కింద ఉన్న పై గది చల్లగా, మా గది వెచ్చగా ఉండటం ఏమిటో ఏళ్ల తరబడి అర్థం కాలేదు. కిటికీలను అనుమానించాను, వెదురు తెరలు కట్టాను. కాస్త తగ్గింది గానీ తేడా పోలేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. కింది వాటాలో నాలుగడుగుల నీళ్లు. అమ్మతో సహా అందరం పైకి చేరాం. నీళ్లు తీశాక ఇల్లు కడుక్కోవడానికే నెల పట్టింది. గోడ సంగతి డిసెంబరులో గానీ చూడలేదు. బయట పూత మీద మట్టి గీత తప్ప పగులు లేదు. కానీ లోపల ప్లాస్టరింగ్ ఇంకా నెమ్మెక్కి, తెల్లగా ఉప్పు తేలుతూనే ఉంది. మేస్త్రీని పిలిపించాను. ఆయన కింది వరసలో ఒక పలక అంచున ఉలి పెట్టి లాగారు.

ఆ పలక వెనక చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఐదు ముద్దల మధ్య ఖాళీ అంతా బుడమేరు ఒండ్రు. పైన ఎండి పెచ్చులు కట్టింది, అడుగున ఇంకా తడిగా ఉంది. అందులో గోరంత నత్త గుల్లలు. పై వరసల్లో వరద అందని చోట సాలెగూళ్లు, బల్లి గుడ్లు. నీళ్లే కాదు, ఏడేళ్లుగా వేడి గాలి కూడా అడుగు నుంచి దూరి, పలకల వెనక ఎగబాకి మా గోడను వేడెక్కిస్తూనే ఉందన్నమాట. పలకను కడిగి ఆరబెట్టి కొత్త పలకతో తూకం వేశాం. పెద్ద తేడా లేదు. థర్మోకోల్ నీళ్లు తాగలేదు, చెడనూ లేదు. చెడింది దాన్ని అతికించిన తీరు.

కింది భాగం మొత్తం తీసేశాం. గోడకు రెండు నెలలు గాలి ఆడనిచ్చి, ఉప్పు గీకి, ఆరిందని నమ్మకం కుదిరాకే 2025 ఫిబ్రవరి చివర్లో కొత్త పలకలు అతికించాం. తడి గోడ మీద ఈ పని చేయించడం కన్నా చేయించకపోవడం మేలు. ముందు లీకులు, నెమ్ము వచ్చే దారులు మూసి, తర్వాతే పలకల మాట.

ఈసారి నేను రోజూ పరంజా పక్కనే నిలబడ్డాను. నేల నుంచి అడుగు ఎత్తు దాకా పలకే వేయలేదు. థర్మోకోల్ మట్టిని తాకితే చెదలు దాని లోపలి నుంచే దారి చేసుకుని మన కంటికి కనపడకుండా పైకి పోతాయి. ఖాళీగా వదిలిన ఆ అడుగు మేర మట్టి గొట్టం ఎక్కడైనా లేస్తే వెంటనే తెలుస్తుంది. ఇటుక వరసల్లాగే పలకల అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా చూశారు. పలకల మధ్య సందు వస్తే సిమెంటు కూరకుండా థర్మోకోల్ ముక్కనే కోసి దూర్చారు. కిటికీ మూలలో రెండు పలకల అతుకు పడకుండా ఒకే పలకను మూలకు సరిపడా కోశారు. సిమెంటు ఆరాక మర్నాడు చదరపు మీటరుకు ఆరు చొప్పున ఇటుక దాకా ప్లాస్టిక్ యాంకర్లు (పలకను గోడకు బిగించే మేకులు) కొట్టారు. పూతలో మెష్ ఒకదాని మీద ఒకటి నాలుగంగుళాలు ఎక్కాలి. కిటికీ నాలుగు మూలల్లో దానికి తోడు ఏటవాలుగా మరో మెష్ ముక్క వేయాలి. ఎందుకంటే గోడ బీట తీసేది ఎప్పుడూ అక్కడి నుంచే. పై అంతస్తులో ఆ ముక్కలు వేసిన మూలల్లో తొమ్మిదో వేసవికి కూడా వెంట్రుకంత గీత లేదు. పూత ఎండకు గబగబా ఆరిపోకుండా పరంజాకు పచ్చ వల కట్టించాను.

గోడ మందం పెరిగితే కిటికీ గట్టు పొట్టిదవుతుందని చాలామందికి పని అయిపోయేదాకా తట్టదు. మాకు మొదటిసారి అదే జరిగి, తుపాను వానకు గట్టు మీది నీళ్లు పలక చివర గుండా దిగాయి. గ్రానైట్ గట్టు అంగుళంన్నర బయటికి వచ్చేలా, కొంచెం వాలుగా, అడుగున నీటి చుక్క తెగిపడే గాడితో మార్పించాం. సన్‌షేడ్లు మాత్రం వదిలేశాం. ఆ కాంక్రీటు ఎండలో కాలి, కిటికీ పైన లోపలి గోడను ఇప్పటికీ రెండు డిగ్రీలు వెచ్చబరుస్తుంది. దాని పైనా కిందా పలుచని పలక వేయించాల్సింది.

నిప్పు గురించి దాచకుండా చెప్పాలి. మా పని అయిన నాలుగు నెలలకు, 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే ఎత్తైన అపార్ట్‌మెంట్ భవనం కాలిపోయింది. 72 మంది చనిపోయారు. అక్కడ మంటను ప్రధానంగా పైకి మోసుకుపోయింది బయట తొడిగిన అల్యూమినియం రేకుల మధ్యలోని పాలిథీన్. లోపలి ఇన్సులేషన్, వాటి మధ్య ఖాళీ దానికి తోడయ్యాయి. మాది రెండంతస్తుల ఇల్లే, పద్ధతీ వేరే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. థర్మోకోల్ మండే వస్తువు. మంటను తట్టుకునే రకం తీసుకున్నా, అది తగలగానే అంటుకోదు అంతవరకే. మరుసటి ఏడాది కిటికీలన్నిటి పైనా ఎనిమిదంగుళాల పట్టీ మేర థర్మోకోల్ కోసి తీసి, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన, మంట అంటుకోని పీచు) పెట్టించాను. గదిలో మంట లేచి కిటికీలోంచి బయటికి వస్తే అది ముందు కాలని పట్టీకి తగలాలి. అపార్ట్‌మెంట్లకైతే గోడ మొత్తం రాక్‌వూలే వేయండి. ఖర్చు ఎక్కువే, కానీ అక్కడ బేరం ఆడకూడదు.

ఇంకా కొన్ని ఇబ్బందులున్నాయి. తమ్ముడు ముచ్చటపడి పై గోడకు ముదురు కాఫీ రంగు పట్టీ వేయించాడు. రెండేళ్లలో ఆ పట్టీ మేరకే సన్నని పగుళ్లు వచ్చాయి. వెనక పలక వేడిని లోపలికి పోనివ్వదు కాబట్టి ఎండంతా ఆ పలుచని పూతే భరించాలి. అందుకే తెలుపు, లేత రంగులే దానికి క్షేమం. మందార చెట్టు నీడ పడే చోట వానాకాలంలో నాచు పడుతుంది, ఏటా మెత్తని బ్రష్‌తో కడుగుతున్నాం. అన్నిటికన్నా బెడద గోడకు మేకు కొట్టే మనుషులతో. ఏసీ మెకానిక్ మామూలు బోల్టులతో బయటి యూనిట్ స్టాండు బిగిస్తే పలక లోపలికి నొక్కుకుపోయి, పూత చిట్లి, నీళ్లు దిగాయి. బరువంతా ఇటుక మీదే పడాలి. పొడవాటి బోల్టు, దాని చుట్టూ పలక మందం ఉన్న ఇనుప గొట్టం ముక్క, రంధ్రం చుట్టూ సీలెంట్ పెట్టాకే అది నిలిచింది.

ఖర్చు విషయానికొస్తే, రెండు అంతస్తుల పడమటి గోడకు పెట్టిన డబ్బుతో అప్పట్లో మూడు ఏసీలు వచ్చేవి. కరెంటు బిల్లు తగ్గింది నిజమే, కానీ ఆ ఆదాతోనే పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పైన తమ్ముడి వాళ్లు ఏసీ రాత్రి ఒంటిగంటకు ఆపి ఫ్యానుతో పడుకుంటారు. ఈ మే నుంచి మేమూ అంతే. కరెంటు పోయిన రాత్రి కూడా గదిలో ఉండగలుగుతున్నాం. డెబ్బై దాటిన మనిషి ఉన్న ఇంట్లో నాకు అదే పెద్ద లాభం. అమ్మ మంచం మళ్లీ గోడ వారకు వేయించుకుంది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు మాలాగా తర్వాత అతికించే పనే పెట్టుకోనక్కర లేదు. లోపల గాలి బుడగలుండే తేలిక ఏఏసీ ఇటుకలతో పడమటి, తూర్పు గోడలు కట్టి, వరండాతోనో చెట్టుతోనో నీడ ఇస్తే చాలావరకు సరిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ నియమావళి కూడా గోడలు, కిటికీల గుండా వచ్చే వేడికి చదరపు మీటరుకు సగటున 15 వాట్ల హద్దు పెట్టింది. ప్లాను గీసే ఇంజనీరును ఆ లెక్క చూపించమని అడగండి.

మాకు తూర్పు గోడ మిగిలింది. సంక్రాంతి వెళ్లాక పరంజా కట్టిస్తున్నాం. పలకలు ఇంకా కొననే లేదు. మొన్న ఆదివారం మేస్త్రీ వచ్చి కిటికీ మూలలు, కుళాయి పైపు, ఏసీ స్టాండు చోటు, రాక్‌వూల్ పట్టీలు గోడ మీద సుద్దముక్కతో గీసి వెళ్లారు.