బొలెరో పికప్ ముందు బ్రేకులు: మూడు సెట్ల ప్యాడ్లు, ఒక జత డిస్కులు

నాది బొలెరో పికప్, 1.7 టన్నుల బండి. ఊరు పుంగనూరు పక్కన. సీజన్లో వారానికి మూడు ట్రిప్పులు మదనపల్లె మండీ నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్‌కి టమోటా తోలుతాను. మిగతా రోజుల్లో మామిడి, ఉల్లి, ఎప్పుడైనా పెళ్లి సామాను. ఈ రెండున్నరేళ్లలో ముందు చక్రాలకు మూడు రకాల ప్యాడ్లు వేశాను, డిస్కులు ఒకసారి మార్చాను. డిస్క్ అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, ప్యాడ్ అంటే దాన్ని రెండు వైపులా నొక్కి ఆపే బిళ్ల. ప్యాడ్లలో ఒక సెట్ నా పిసినారితనం వల్ల వేసింది. దాని సంగతీ రాస్తాను.

ముందు దారి గురించి చెప్పాలి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. ఖాళీ బండికి అక్కడ ఏ ప్యాడ్ వేసినా ఆగుతుంది. 25 కిలోల బాక్సులు 65 ఎక్కించి, పైన పట్ట కట్టి, రాత్రి పదకొండుకి వెనకాల లారీ లైట్లు అద్దంలో కొడుతుంటే దిగి చూడండి, అప్పుడు తెలుస్తుంది ప్యాడ్ సంగతి. 2024 సెప్టెంబరులో ఈ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు, లారీలు గుద్దుకుని ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి నేను పలమనేరులో టీ గ్లాసు పట్టుకునే సరికి మా ఇంటావిడ ఫోన్ వస్తుంది, "కిందికి దిగినాక ఒక మాట చెప్పు" అని.

మొదటి సెట్. బండితో వచ్చిన ప్యాడ్లు అరిగిపోయాయి, సీజన్ మొదలైంది, చేతిలో టైం లేదు. రోడ్డు పక్కన ఒక స్పేర్ పార్టుల అంగడిలో అడిగితే కంపెనీ బాక్సులాంటిదే తీసి ముందు పెట్టాడు. "బిల్లు వద్దంటే 650కి ఇస్తా అన్నా" అన్నాడు. బేరం కలిసొచ్చిందని సంబరపడి తీసుకున్నా. వారం రోజులు బాగానే ఉంది. నాలుగో ట్రిప్పులో ఘాట్ సగం దిగాక బ్రేక్ తొక్కితే పెడల్ రాయిలా గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. జారుకుంటూనే పోతోంది. కాలిన రబ్బరు వాసన. గేర్ మార్చి మార్చి సెకండ్‌లోకి తెచ్చి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెం లాగుతూ పక్కకు తీశాను. పక్క సీట్లో ఉన్న మా తమ్ముడు దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టబోయి వెనక్కి లాక్కున్నాడు. అరగంట అక్కడే కూర్చున్నాం. ఇద్దరికీ మాట రాలేదు.

మా మెకానిక్ దగ్గర పదేళ్ల నుంచి పని చేయిస్తున్నా. ఆయన ముందు అడిగింది ఒక్కటే ప్రశ్న. "పెడల్ కిందికి పోయిందా, గట్టిగా ఉండిందా?" గట్టిగానే ఉందన్నాను. "అట్లయితే ఆయిల్ తప్పు కాదు, ప్యాడ్ తప్పు" అన్నాడు. ఈ తేడా నాకు అంతవరకు తెలియదు. బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా నేలదాకా పోతుంది. ప్యాడ్ వేడికి పట్టు వదిలేస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ బండి నిలవదు. విప్పి చూస్తే ప్యాడ్ పిండిబిళ్లలా బీటలు వారి ఉంది, ఒకచోట వెనక రేకు నుంచి లేచిపోయింది. డిస్క్ మీద నీలం మచ్చలు. అప్పుడు బాక్సు తిప్పి చూశాం. తయారు చేసిన నెల, సంవత్సరం లేవు. ఎంఆర్‌పీ ఉండాల్సిన చోట ఖాళీ. ప్యాకెట్‌లో చిల్లరగా అమ్మే దాదాపు ఏ సరుకు మీదైనా ఇవి ఉండాలని చట్టం ఉంది, బిస్కెట్ ప్యాకెట్‌కి చూస్తాం కానీ బ్రేక్‌కి చూడం. ఆ అంగడికి మళ్లీ పోయి గొడవ పెట్టుకుందామంటే బిల్లేదీ? నేనే వద్దన్నాను కదా.

ఇక డిస్కుల సంగతి. పికప్ వాళ్లం ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ప్యాడ్లు మారుస్తాం, డిస్క్ మీద గీతలు పడితే లేత్‌కి పంపి నున్నగా చేయిస్తాం, అంతటితో మరిచిపోతాం. నేను అంతకుముందు ఒకసారి అట్లా పట్టించాను. ఈసారి కూడా లేత్ మేస్త్రి డిస్క్ తిప్పి చూసి "ఇంకొక కోత పడుతుందిలే" అన్నాడు. మా మెకానిక్ ఒప్పుకోలేదు. వెర్నియర్ పెట్టి నాలుగు చోట్ల కొలిచాడు. డిస్క్ మీద ఒకచోట అచ్చు పోసి ఉంటుంది, మిన్ టీహెచ్ అని, పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె. తుప్పు గీకితే కనిపిస్తుంది. దానికన్నా పలచన అయితే ఆ డిస్క్ ఇక పనికిరాదు. మాది ఆ అంకెకన్నా అర మిల్లీమీటరే ఎక్కువ ఉంది. లేత్ పడితే ఆ అర కూడా పోతుంది. పలచని డిస్క్‌కి వేడిని మోసే ఇనుమే తక్కువ, కాబట్టి తొందరగా కాగుతుంది, కొత్త ప్యాడ్ ఎంత మంచిదైనా దాన్ని కూడా కాల్చేస్తుంది. అయితే డిస్క్ ఒక పక్కదే మార్చుకుందామా అని అడిగాను, డబ్బులు ఆదా అవుతాయని. ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ముందు రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు గుంజొచ్చు.

ఆ రాత్రి ఫోన్లో వెతుకుతుంటే రంధ్రాలు, గీతలు పెట్టిన డిస్కులు కనిపించాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. మా తమ్ముడు అవే కొందామన్నాడు. లోడ్ బండికి ఆ రంధ్రాల దగ్గరే చీలికలు మొదలవుతాయని మెకానిక్ కొట్టిపారేశాడు. నాకూ టమోటా బండికి ఆ సింగారం ఎందుకనిపించింది. మామూలు డిస్కులే, మహీంద్రా పార్టుల డీలర్ దగ్గర బిల్లుతో తీసుకున్నా. జత 4,400. ప్యాడ్లు కూడా అక్కడే, 1,650. బ్రేక్ ఆయిల్ 250, కూలీ 900. మొత్తం 7,200 అయింది. డీజిల్, టోల్ పోను రెండు ట్రిప్పుల మిగులు. మంచి ప్యాడ్లు ముందే కొనుంటే పాత డిస్కులు ఇంకొంత కాలం వచ్చేవి.

ఇదే రెండో సెట్. ఈ కంపెనీ ప్యాడ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే వాటి గొప్పతనం. చప్పుడు లేదు, వాసన లేదు, ఘాట్ పైన పెడల్ ఎట్లా ఉందో కిందికి దిగినాక కూడా అట్లాగే ఉంది. 27 వేల కిలోమీటర్లు వచ్చాయి. పదార్థం మూడు మిల్లీమీటర్ల దాకా అరిగాక తీసేశాను. ప్యాడ్లు కీచుమనేదాకా ఆగే మనిషిని కాదు నేను.

మూడో సెట్ కొనేముందు కొంచెం చదువుకున్నాను. చాలా ప్యాడ్ల వెనక రేకు మీదో అంచునో ఒక వరస అంకెలు, అక్షరాలు ఉంటాయి. చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు చూడాలి, ఎఫ్ఎఫ్ అనో జీఎఫ్ అనో. మొదటిది ప్యాడ్ మామూలు వేడిలో ఉన్నప్పటి పట్టు, రెండోది బాగా వేడెక్కాక ఉండే పట్టు. ఇంగ్లిష్ అక్షరం 'ఈ' అంటే పట్టు అంకె (ఘర్షణ గుణకం) 0.25 నుంచి 0.35 వరకు, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45 వరకు, జీ అంటే 0.45 నుంచి 0.55 వరకు. ఇది ల్యాబ్‌లో చిన్న ముక్క మీద చేసే పరీక్ష, ప్యాడ్ ఎన్నాళ్లు వస్తుందో చెప్పదు. అయినా నాకు ఒక పనికొచ్చింది. రెండో అక్షరం మొదటిదానికన్నా కిందికి దిగిన ప్యాడ్‌ని పక్కన పెట్టేశాను. వేడెక్కితే తన పట్టు తగ్గిపోతుందని అది తనే చెప్తోంది కదా, ఘాట్ బండికి అదెందుకు? సెరామిక్ అని ఒకటి చూపించారు. మా తోడల్లుడి కారుకి అవే, చక్రాలకు నల్లదుమ్ము పట్టదని ఆయనకు మహా ఇష్టం. నా చక్రాలకు ఎట్లాగూ మండీ బురదే. లోహపు పొడి కలిపి చేసే సెమీ మెటాలిక్ రకం చాలనుకున్నాను.

చివరికి చెన్నై కంపెనీ రానే వాళ్ల ప్యాడ్లు తీసుకున్నా, బిల్లుతో 1,150. ఇప్పటికి 14 వేల కిలోమీటర్లు. మొన్న కొలిస్తే సగానికి పైనే మిగిలింది. పూర్తి లోడ్‌తో ఘాట్‌లో ముప్పైసార్లన్నా దిగి ఉంటాను, మొదటి సెట్ నాటి ఆ జారుడు ఒక్కసారీ రాలేదు. కంపెనీ దానికీ దీనికీ కాలి కింద నాకు తేడా తెలియలేదు. జేబుకి తెలిసింది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే భాగం) జారే పిన్నులు తుడిచి, వేడికి కరగని సిలికాన్ గ్రీజు పెట్టించాను. బేరింగ్‌కి వాడే గ్రీజే పూసేస్తారు కొందరు, దానికి అక్కడి రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుంటుంది, ఒక పక్క ప్యాడే అరుగుతుంది. డిస్క్ కూర్చునే హబ్ మొహం మీద తుప్పు వైర్ బ్రష్‌తో గీకించాను. అక్కడ ఇసుకరేణువంత తుప్పు మిగిలినా కొత్త డిస్క్ వంకరగా కూర్చుని స్టీరింగ్ వణుకుతుంది, జనం డిస్క్‌ని తిడతారు. వెనక డ్రమ్ముల్లో లైనర్లు కూడా చూసి సర్దమన్నాను. అవి వదులుగా ఉంటే భారమంతా ముందు ప్యాడ్లే మోయాలి. బ్రేక్ ఆయిల్ మాత్రం దాని డబ్బా మూత మీద రాసిన రకమే పోయించండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ తాగేస్తుంది. డాట్ 3 అనే రకం కొత్తదానికి ప్రమాణాల్లో మరిగే కనీస వేడి 205 డిగ్రీలు, నీళ్లు తాగినదానికి 140 డిగ్రీలే. డాట్ 4 రకానికైతే అది 230 నుంచి 155కి పడిపోతుంది. టీ డికాక్షన్ రంగుకి వచ్చిందంటే అది ఇక ఆయిల్ కాదని మా మెకానిక్ అంటాడు. నేను రెండేళ్లకోసారి మార్పిస్తున్నా.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే లోడ్ ఎక్కించకండి. నేను ఖాళీ బండితో పుంగనూరు బైపాస్ మీద 50 స్పీడుకి పోయి, పూర్తిగా ఆపకుండా 10 దాకా మెల్లగా తగ్గించి, మళ్లీ 50కి, అట్లా పదిసార్లు చేశాను. మధ్యమధ్య గాలికి చల్లారనిచ్చాను. దారిన పోయేవాళ్లు తాగి తోలుతున్నాడనుకుని ఉంటారు. ఆ తర్వాత మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేక్ వేయలేదు, ఆ వారం మండీ కిరాయి ఒకటి వదులుకున్నాను కూడా.

పాత డిస్కుల్లో ఒకటి పాత ఇనుము వాడికి వేశాను. రెండోది ఇంట్లో కోళ్ల గంప మీద బరువుగా పెట్టింది మా ఇంటావిడ. నీలం మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.